బాబుని ఫాదర్ల (చర్చి గురువుల) హాస్టల్లో దింపే ముందు ఇవి చూసుకోండి

జూన్‌లో బడులు తెరుస్తారు, ట్రంకు పెట్టె కొనే హడావిడిలో అసలువి మర్చిపోతుంటారు.

– అడ్మిషన్ ఫారంలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. రేపు పదో తరగతి మెమోలో పడేది స్కూల్ రికార్డులో ఉన్నదే, చాలా చోట్ల ఆ మెమోనే పుట్టిన తేదీకి రుజువు, తర్వాత దిద్దించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

– ఆయాసం, ఫిట్స్, అలర్జీ ఉంటే దాచకండి. సీటు ఇవ్వరేమోనని కొందరు చెప్పరు, అర్ధరాత్రి పిల్లాడికి ఊపిరాడకపోతే వార్డెన్ ఫాదర్‌కి ఏం తెలుస్తుంది? మందులు, చీటీ ఆయన చేతికే ఇవ్వండి.

– వాడిని బయటికి తీసుకెళ్లగలిగేవాళ్ల పేర్లు, ఫొటోలు ముందే రాయించండి. లేకపోతే పండక్కి మేనమామ వచ్చినా గేటు దగ్గరే ఆపేస్తారు, ఆపాలి కూడా.

– మీ నంబరు కంఠతా పట్టించండి, చాలా చోట్ల సెల్‌ఫోన్ ఉంచుకోనివ్వరు.

– క్రైస్తవేతరులైతే, పొద్దున చర్చిలో జరిగే పూజకి అందరూ వెళ్లాలా, ఆ టైంలో స్టడీ ఉంటుందా అని ఇప్పుడే అడగండి. ఒక్కో చోట ఒక్కో పద్ధతి.

– బట్టలన్నిటి మీదా చెరగని ఇంకుతో వాడి హాస్టల్ నంబరు రాయండి, సాక్సులతో సహా.