పెద్దవాళ్ళ ‘గ్యాసు’ను నమ్మే ముందు

పెద్దవయసువాళ్ళు నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది బాధ గురించి కాదు, మందుల సంచి గురించి. తెనాలిలో ఫిజీషియన్‌గా ముప్ఫై ఏళ్ళకు పైగా చేస్తున్నాను. ఆ సంచిని బల్ల మీద బోర్లించకుండా మందు రాసిన ప్రతిసారీ ఏదో ఒకటి పొరపాటు పడ్డాను. అందులో ఒకే బీపీ మందు రెండు పేర్లతో ఉంటుంది. ఎవరు ఎప్పుడు రాశారో తెలియని గ్యాస్ మాత్ర, మోకాళ్ళకని షాపులో అడిగి కొన్న నొప్పి మాత్రలు, పక్కింటివారు ఇచ్చిన చూర్ణం కూడా కనబడతాయి. రోగం సగం అక్కడే తెలిసిపోతుంది.

డెబ్బై దాటిన మనిషి ఒంట్లో పొట్టకూ రక్తప్రసరణకూ మధ్య గోడ లేదు. గుండెకు వచ్చిన కష్టం పొట్టలో తెలుస్తుంది. పొట్టలో కారిన రక్తం ఆయాసమై బయటపడుతుంది. ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని చెడగొడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకునేవారి కోసం, ఊళ్ళో అమ్మానాన్నలను వదిలి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటూ ఫోనులో కష్టసుఖాలు కనుక్కునేవారి కోసం ఇది రాస్తున్నాను.

ముందు సంచి

ఒక తెల్లకాగితం తీసుకోండి. ప్రతి మాత్రకూ ఒక వరుస. బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరు, ఎంత మోతాదు, ఎందుకు వాడుతున్నారు, ఎప్పటినుంచి, ఎవరు రాశారు. షాపులో అడిగి కొన్నవి, ఆయుర్వేదం, టానిక్కులు, నిద్రమాత్రలు కూడా రాయాలి. ‘అది మందు కాదులే’ అని పెద్దవాళ్ళు పక్కన పెట్టేసేదే ఎక్కువసార్లు అసలు కారణమవుతుంది.

ఇప్పుడు జంటల కోసం వెతకండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్ర, దాని పక్కనే రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ ఉంటే పొట్టలో రక్తస్రావానికి దారి తెరిచినట్టే. అదే నొప్పి మాత్ర బీపీని పెంచుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. గుండెకు డిగాక్సిన్ అనే మాత్ర వాడే మనిషికి ఆకలి చచ్చిపోయి వికారం మొదలైతే అజీర్తి మందు కాదు, ముందు డిగాక్సిన్ మోతాదు చూడాలి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ విరేచనాలు తెప్పించగలదు, ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గించగలదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మందు మీద మందు. బీపీకి ఆమ్లోడిపిన్ ఇస్తారు, పాదాలు వాస్తాయి. వాపు చూసి ఇంకొకరు నీరు పోయే మాత్ర రాస్తారు. దాంతో సోడియం తగ్గి తూలు వస్తుంది. తూలుకు ఇంకొక మాత్ర. ఆ మాత్రతో మత్తు, మత్తులో పడిపోవడం, తుంటి ఎముక విరగడం. మొదటి మాత్ర మార్చి ఉంటే సరిపోయేది. కొత్త బాధ కనిపించినప్పుడు ‘గత నెలలో ఏ మందు కొత్తగా మొదలుపెట్టారు?’ అని తప్పకుండా అడగండి.

‘గ్యాసు’ అన్న మాట

మా నాన్నగారికి అప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. రాత్రి పదింటికి ఫోను చేసి, ‘అమ్మాయ్, పొట్ట పైభాగం పట్టేసినట్టుంది, సాయంత్రం తిన్న పెసరట్టు పడలేదేమో’ అన్నారు. యాంటాసిడ్ తాగి పడుకోమన్నాను. తాగారు, రెండు త్రేన్పులు వచ్చాయి, కాస్త నయమన్నారు. తెల్లవారుజామున మూడింటికి చొక్కా తడిసిపోయేంత చెమట. ఈసీజీ తీస్తే గుండె కింది గోడకు అటాక్. ఆయన బతికారు, ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఉన్నారు. కానీ ఆ ఐదు గంటల్లో పోయిన గుండె కండరం తిరిగి రాలేదు. చివరి ఏళ్ళలో నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకునేవారు. ఆ రాత్రి నేను అడగని ప్రశ్నలు ఇవీ.

ఈ బాధ ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా, లేక కొత్తదా? నడిస్తే, మెట్లెక్కితే పెరిగి, ఆగితే తగ్గుతోందా? చెమట, ఆయాసం, ఉన్నట్టుండి నీరసం ఉన్నాయా? దవడకు, భుజానికి, వీపుకు పాకుతోందా?

గుండె కింది గోడ పొట్ట మీద కప్పులా ఉండే డయాఫ్రమ్‌ను ఆనుకుని ఉంటుంది. అక్కడి నొప్పిని, జీర్ణాశయం నొప్పిని మెదడు స్పష్టంగా విడదీయలేదు. షుగర్ ఉన్నవారిలో, ఆడవాళ్ళలో, బాగా పెద్దవయసులో గుండెనొప్పి అసలు ఛాతీలో రాకపోవచ్చు. వాంతి, నీరసం, ఆయాసం, అంతే. త్రేన్పు వచ్చి నయమనిపించినా, యాంటాసిడ్‌తో తగ్గినా అది గుండె కాదని తేలినట్టు కాదు.

బొడ్డుకు పైన, దవడకు కింద ఎక్కడైనా కొత్తగా వచ్చిన బిగుతు, మంట, బరువు పావుగంటలో పోకపోతే 108కి ఫోను చేయండి. చెమటో ఆయాసమో తోడైతే ఆ పావుగంట కూడా ఆగవద్దు. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకువెళ్ళకండి, నడిపించకండి. ఆస్పిరిన్ పడనివారు, నల్లటి విరేచనాలు అవుతున్నవారు, ఈమధ్య మెదడులో రక్తస్రావం అయినవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమని సాధారణంగా చెబుతాం. వీలైతే ఫోనులో వైద్యులను అడిగి ఇవ్వండి. నాలుక కింద పెట్టే మాత్రను పక్కింటి నుంచి తెచ్చి పెట్టడం మాత్రం వద్దు. బీపీ తక్కువగా ఉన్న మనిషికి అది ప్రమాదం.

మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి పంపిస్తే, ‘ఇంకొకసారి తీస్తారా, ట్రోపోనిన్ పరీక్ష కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేయాలా?’ అని మర్యాదగానే అడగండి. గుండె కండరం దెబ్బతిన్నదా అని చూసే రక్తపరీక్ష అది. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

గుండె కాదని తేలాక పొట్ట సంగతి చూద్దాం. తిన్నాక, పడుకున్నాక వచ్చే మంటకు, పుల్లటి త్రేన్పులకు రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించి, పడుకోవడానికి రెండు మూడు గంటలు వ్యవధి ఇవ్వడం సగం మందు. మంచం తలవైపు కోళ్ళ కింద అరడుగు ఎత్తు పెట్టండి. దిండ్లు పేర్చితే మెడ వంగుతుంది తప్ప పని జరగదు. పాంటోప్రజోల్ వంటి మాత్ర ఉదయం టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుని ‘పనిచేయడం లేదు’ అనేవారిని రోజూ చూస్తాను. నాలుగు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఇంకా అవసరమా అని వైద్యులు మళ్ళీ చూడాలి. రక్తం పల్చబరిచే మందులు వాడేవారికి పొట్ట రక్షణకోసం అది ఎక్కువ కాలం కావలసి రావచ్చు, అందుకని మీరే ఆపేయకండి.

అరవై దాటాక కొత్తగా అజీర్తి మొదలైతే ఎండోస్కోపీ, అంటే నోటిద్వారా సన్నని గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష, చేయించడం మంచిది. మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, మాటిమాటికీ వాంతులు, రక్తహీనత ఉంటే ఇక వాయిదా వేయకూడదు. కడుపులో పుండుకు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ముఖ్యకారణమని చూపించినందుకు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. శ్వాస పరీక్షతోనో మలపరీక్షతోనో దాన్ని కనిపెట్టవచ్చు. ఆ పరీక్షకు రెండు వారాల ముందు పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రను వైద్యులను అడిగి ఆపాలి, లేకపోతే ఉన్నది లేనట్టు వస్తుంది. చికిత్స సాధారణంగా 14 రోజులు. నాలుగో రోజుకు మంట తగ్గిందని ఆపేస్తే క్రిమి మొండికెత్తుతుంది.

విరేచనం రంగు

ఒక మామ్మగారిని ఆయాసమని, కాళ్ళవాపులని తీసుకొచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. గుండె జబ్బని ఎవరో అన్నారట. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లకాగితంలా ఉంది.

‘మామ్మగారూ, విరేచనం ఏ రంగులో అవుతోంది?’

‘అది ఎవరైనా చూస్తారా డాక్టరమ్మా!’

మనవడిని బయటికి పంపి మళ్ళీ అడిగాను. ‘నల్లగానే అవుతోందమ్మా, నెలనుంచి. నీళ్ళు పోసినా తేలిగ్గా పోదు’ అన్నారు. హిమోగ్లోబిన్ 6.2. సంచిలో ఎసిక్లోఫెనాక్, నాలుగు నెలలుగా రోజుకు రెండు, ఆస్పిరిన్‌తో కలిపి. ఎండోస్కోపీలో పెద్ద పుండు. ఆవిడకు ఒక్కరోజు కూడా కడుపునొప్పి రాలేదు. నొప్పి మాత్రల వల్ల వచ్చే పుండు పెద్దవయసులో తరచుగా ఇలాగే, నొప్పి లేకుండా రక్తం కారుతుంది.

తారులా నల్లగా, జిగటగా, మామూలుకు భిన్నమైన దుర్వాసనతో ఉంటే అది పైపొట్టలో కారిన రక్తం. ఐరన్ మాత్రలతోనూ నల్లగా అవుతుంది కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. రంగు అడగడానికి సిగ్గుపడకండి. కోడలికి చెప్పలేని అత్తగారు కూతురికి చెబుతుంది, ఇద్దరికీ చెప్పనిది నర్సుకు చెబుతుంది. ఎవరితో అడిగిస్తే చెబుతారో వారితో అడిగించండి.

నల్ల విరేచనంతోపాటు కళ్ళు తిరగడమో గుండెదడో ఉంటే అదే రోజు, అదే గంట ఆసుపత్రి. రక్తం ఎక్కించేటప్పుడు ముసలిగుండె తట్టుకునేలా ఒక్కొక్క యూనిటే, నెమ్మదిగా ఎక్కిస్తాం. స్టెంట్ వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ భయంతో సొంతంగా మానేయకూడదు. స్టెంట్ మూసుకుపోతే అది ఇంకో ప్రాణాపాయం. గుండె వైద్యుడు, పొట్ట వైద్యుడు మాట్లాడుకుని తేల్చవలసిన విషయమది. మోకాళ్ళ నొప్పికి పారాసెటమాల్ 650 రోజుకు మూడుసార్లు చాలామందికి సరిపోతుంది. కాలేయం జబ్బు ఉన్నవారు మాత్రం అడిగి వాడాలి. పైపూత జెల్, వేడి కాపడం, తొడ కండరాలకు వ్యాయామం తోడైతే ఇంకా మేలు.

ఒకమాట తండ్రిని చూసుకునే పిల్లలకు. డెబ్బై ఏళ్ళ తండ్రికి హిమోగ్లోబిన్ తగ్గి, ఇనుము తక్కువని తేలితే ఐరన్ సిరప్ కొనిచ్చి ఊరుకోవద్దు. ఆ రక్తం ఎటు పోతోందో కనుక్కోవాలి. పైపొట్టలో ఏమీ లేకపోతే పెద్దపేగును కూడా చూడాలి.

కూర్చుని కొలిచి, నిలబెట్టి కొలవండి

బీపీ మిషను చాలా ఇళ్ళలో ఉంది, కొలిచే తీరే సరిగ్గా ఉండదు. మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ చీరజాకెట్టు మీద కాదు, చేతి చర్మం మీద. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఆనాలి. లావుచేతికి చిన్నపట్టీ కడితే బీపీ లేనివారికి కూడా ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయండి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే తర్వాత వాడండి.

పెద్దవాళ్ళ విషయంలో అసలు పని ఆ తర్వాత ఉంది. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ కొలవండి. పక్కన మనిషి పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ మనిషి ఎప్పుడో ఒకప్పుడు బాత్రూములో కూలిపోయే ప్రమాదం ఉంది. ఆ అంకెలు వైద్యుడికి చూపిస్తే మాత్ర మోతాదో వేళో మారుస్తారు.

మధ్యాహ్నం భోజనం చేసిన గంటకు కూడా ఒకసారి చూడండి. నిండా అన్నం తిన్నాక రక్తం పేగులవైపు మళ్ళుతుంది, ముసలి రక్తనాళాలు తట్టుకుని సర్దుకోలేవు, బీపీ పడుతుంది. భోజనం చేసి లేస్తూ తూలిన పెద్దవారిని వాతం అని సరిపెట్టకండి. ఒక్కపూట పెద్ద కంచం బదులు తక్కువ తక్కువగా నాలుగుసార్లు పెట్టడం, తిన్నాక కాసేపు కూర్చోబెట్టడం చాలామందికి గుణమిస్తుంది. గుండె వైద్యుడు నీళ్ళు తగ్గించమనకపోతే భోజనానికి ముందు గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇవ్వవచ్చు. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున నీరు పోయే మాత్ర, కొన్నిరకాల బీపీ మాత్రలు కిడ్నీలను ఎండగడతాయి. ఆ రోజే ఫోను చేసి ‘ఇవాళ వేయాలా, ఆపాలా?’ అని అడగాలి.

ఉప్పు మొత్తం రోజుకు ఐదు గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, మజ్జిగలో వేసే ఉప్పు అన్నీ అందులోకే వస్తాయి. పొట్ట ఉబ్బరానికి నీళ్ళలో కలుపుకుని తాగే పొంగు పొడులు, వంటసోడా కూడా సోడియమే. బీపీ అదుపులోకి రాని ఒక తాతగారి గుట్టు రోజూ తాగే ఆ పొడిలోనే దొరికింది.

ఆకలి లేదంటే పాదాలు కూడా చూడండి

రెండు ముద్దలకే పొట్ట నిండిపోతోందంటే అది గుండె బలహీనత కావచ్చు. గుండె సరిగా తోడలేకపోతే రక్తం వెనక్కు నిలిచి కాలేయం, పేగులు ఉబ్బుతాయి. పాదాల వాపు, రాత్రి రెండు మూడు దిండ్లు కావలసి రావడం, నిద్రలో ఆయాసంతో లేచి కూర్చోవడం దాని తోడు గుర్తులు. ఉదయం మూత్రానికి వెళ్ళివచ్చి, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్ళు కాదు, నీరు. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమోనని ఆ రోజే చూపించాలి.

నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తే కాలి రక్తనాళం సన్నబడిందేమో చూడాలి. పొగతాగేవారిలో, షుగర్ ఉన్నవారిలో ఇది ఎక్కువ. అటువంటిదే పేగులకూ వస్తుంది. తిన్న అరగంటకు కడుపునొప్పి, ఆ భయంతో తినడం మానేసి చిక్కిపోవడం. నాడి గతి తప్పి కొట్టుకునే మనిషికి హఠాత్తుగా భరించలేని కడుపునొప్పి వచ్చి, చేత్తో నొక్కితే పొట్ట మెత్తగానే ఉంటే పేగుకు రక్తం ఆగిపోయి ఉండవచ్చు. అది గంటలతో పందెం. రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్, శస్త్రచికిత్స రెండూ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి.

ఆ మామ్మగారు ఆరువారాల తర్వాత మళ్ళీ వచ్చారు. హిమోగ్లోబిన్ 10.5. ఆయాసం, కాళ్ళవాపులు రెండూ పోయాయి. ఎనిమిది మాత్రలు నాలుగయ్యాయి. మనవడు సంచి లోపల ఒక కాగితం అంటించాడు. మందుల వరుసల కింద, నిలబెట్టి కొలిచిన బీపీ అంకెల పక్కన, ‘విరేచనం: పసుపు’ అని తేదీలవారీగా రాసి ఉంది. ‘రోజూ అడిగి చంపుతున్నాడమ్మా’ అన్నారావిడ, సంచి నా చేతికిస్తూ.