డేటాలో తేదీల వ్యవధి లెక్కగట్టే ముందు జాగ్రత్తలు

• తేదీల కాలమ్ నిజంగా తేదీల రూపంలోనే ఉందా, ఉత్త అక్షరాలుగా ఉందా చూడండి. 03-04 అంటే మార్చి 4నా, ఏప్రిల్ 3నా?

• వారం ఏ రోజున మొదలవుతుంది? శాస్‌ (SAS) అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఆదివారం, తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ప్రకారం సోమవారం.

• అసలు చిక్కు వ్యవధి లెక్కలో ఉంది. రెండు తేదీల మధ్య వ్యవధి చెప్పే శాస్‌లోని ఇంట్‌సీకే (INTCK) ఫంక్షన్, మనం వేరుగా చెప్పకపోతే, గడిచిన కాలాన్ని కాక, దాటిన సరిహద్దులను (కొత్త సంవత్సరం, కొత్త నెల మొదలయ్యే చోట్లను) లెక్కిస్తుంది. డిసెంబర్ 31 నుంచి జనవరి 1కి గడిచింది ఒక్క రోజే అయినా 'ఒక సంవత్సరం' అంటుంది! వయసులు లెక్కగట్టేటప్పుడు ఇది కొంప ముంచుతుంది. నిండిన సంవత్సరాలు కావాలంటే 'కంటిన్యువస్' పద్ధతి ఎంచుకోండి.

• జనవరి 31కి నెల కలిపితే ఏ తేదీ వస్తుందో ముందే పరీక్షించండి. ఇది చూడకుండా ముందుకు వెళ్లే ధైర్యం నాకు లేదు.

• వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపి, తర్వాత మళ్లీ వెనక్కి మార్చే దేశాల డేటాలో 23 గంటల రోజు, 25 గంటల రోజు కూడా ఉంటాయి.