ఊళ్లో రైస్ పుల్లింగ్ గుట్టు విప్పే ప్రదర్శన ఎలా చేయాలి?

రాయలసీమ పల్లెల్లో పాడుబడ్డ గుళ్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చాలాచోట్ల నంది తల పగిలి ఉంటుంది, లింగం పెకలించి ఉంటుంది. రాయల కాలం నాటి లంకెబిందెలు అక్కడున్నాయని ఎవడో అంజనం వేసి చెబుతాడు. అమావాస్య రాత్రి నిమ్మకాయలు, కోడి, మెటల్ డిటెక్టర్ పట్టుకుని పోతారు. తాతలు చందాలేసుకుని కట్టిన గుడిని మనవళ్లే తవ్వుతున్నారు. ఒకప్పుడు ఎవరైనా ఎకరా కొంటే "ఎంత కష్టపడ్డాడో" అనేవాళ్లు, ఇప్పుడు "వాడికేం దొరికిందో" అంటున్నారు. తవ్వితే దొరక్కపోయేసరికి రెండు తలల పాము వెంట పడతారు, అదీ కాకపోతే పిడుగు పడిన రాగి చెంబు వెంట. బియ్యాన్ని లాగే ఆ చెంబుకు కోట్లొస్తాయని పొలం తాకట్టు పెట్టినవాళ్లు ఉన్నారు.

రైస్ పుల్లింగ్ అనే ఈ చెంబు మాయను ఊరి మధ్యలో చేసి చూపించి, గుట్టు చెప్పడమే మన పని. చాలామంది ఉపాధ్యాయులు, కుర్రవాళ్లు ఉత్సాహంగా చేస్తున్నారు, కానీ తప్పుగా చేస్తున్నారు. మాయ బాగానే చూపిస్తారు, మనిషిని పోగొట్టుకుంటారు.

ముందు అనుమతులు. సర్పంచికి, బడి హెడ్మాస్టరుకు చెప్పండి, స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి రండి. స్టేషన్‌లో చెప్పడం మాత్రం మానొద్దు. మూఢనమ్మకాలకు ఎదురు నిలిచినందుకు నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఊళ్లో ఇప్పటికే ఎవరి మీదైనా చేతబడి అనుమానం నడుస్తుంటే ప్రదర్శన పెట్టకండి. అది మాటలతో తేలే సంగతి కాదు, ఆ మనిషి ప్రాణానికే ముప్పు. నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి.

సామాన్లు: పాత రాగి చెంబు (చింతపండుతో తోమొద్దు, నల్లగానే ఉండాలి), పాడైన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం, లేతు మిషన్ దగ్గర దొరికే ఇనుప రజను, పిడికెడు బియ్యం, గంజి, పసుపు, కొంచెం మైనం. బియ్యానికి గంజి పట్టించి, రజను చల్లి, పైన పసుపు కలిపి నీడలో ఆరబెట్టండి. అక్షింతల్లాగే ఉంటాయి, నలుపు కనబడదు. అయస్కాంతాన్ని చెంబు లోపల మైనంతో అంటించండి. రాగి అయస్కాంతాన్ని ఆపదు, బయటి వాళ్లకు తెలియదు. బియ్యం విస్తరాకులోనే పోయాలి. స్టీలు పళ్లెం వాడితే అయస్కాంతం పళ్లేన్నే పట్టుకోవచ్చు, అంతా రసాభాస అవుతుంది. అయిపోయాక ఆ బియ్యం కోళ్లకు వేయకండి, గుంత తీసి పూడ్చండి.

సమయం సాయంత్రం, వెలుతురు ఉండగా. రాత్రి పెట్టకూడదు. చీకట్లో చేసిన దాన్ని ఎవరూ నమ్మరు, నమ్మితే మాయను నమ్ముతారు. మైకు వద్దు, ప్రొజెక్టర్ అసలే వద్దు. రచ్చబండ దగ్గర, అందరితో పాటు నేల మీద కూర్చుని చేయాలి. నిప్పు పనులూ వద్దు. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించేవాళ్లున్నారు, మర్నాడు పిల్లలు ఇంట్లో అదే చేస్తారు.

మొదట చిన్నది ఒకటి చూపండి. మందార పువ్వు రసం కత్తికి పూసి ఆరనిచ్చి నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారుతుంది. "శత్రువు రక్తం" అని క్షుద్రపూజల్లో చూపించేది ఇలాంటిదే. ఆడవాళ్లు వెంటనే పట్టేస్తారు, మందారం వాళ్లకు తెలిసిన పువ్వు. అక్కడితో జనం మన పక్కకు వస్తారు.

ఇక అసలు చెంబు. దీని దగ్గర తొందరపడొద్దు.

చెంబు దగ్గరికి తేగానే గింజలు కదులుతాయి, కొన్ని ఎగిరి అంటుకుంటాయి. జనం నిశ్శబ్దమైపోతారు. చాలామంది ఇక్కడే నవ్వేసి, అయస్కాంతం బయటికి లాగి "చూశారా, ఇంతే! దీనికేనా మీరు మోసపోయింది?" అంటారు. ఆ ఒక్క మాటతో ప్రదర్శన చచ్చిపోతుంది. ఎందుకంటే చెంబు కోసం అడ్వాన్సు కట్టినవాడు అక్కడే కూర్చుని ఉంటాడు. పక్కనే భార్యకు తెలియదు, అన్నకు తెలియదు. నలుగురిలో నవ్వులపాలైతే ఆ మనిషి ఇక జన్మలో నోరు విప్పడు. పైగా పోయిన డబ్బు రాబట్టడానికి ఇంకో లక్ష తెచ్చి కడతాడు.

కాబట్టి మీరు అయస్కాంతం తీయకండి. ఊళ్లో మాట చెల్లే ఒక పెద్దాయనను పిలిచి, "మీ ఇంటి నుంచి గుప్పెడు బియ్యం తెప్పించండి" అనండి. ఒక ఊళ్లో ఒక పెద్దాయన తానే వెళ్లి తువ్వాలు కొంగులో కట్టి తెచ్చాడు. విస్తరాకులో పోసి, చెంబు తన చేత్తోనే పట్టుకుని గింజల చుట్టూ తిప్పాడు. ఒక్క గింజ కదల్లేదు. పక్కనున్న మా బియ్యం దగ్గరికి తెస్తే గుంపుగా వచ్చి అంటుకున్నాయి. ఆయన చెంబును తిప్పి లోపల చెయ్యి పెట్టి చూశాడు, అయస్కాంతం తగిలింది. గుట్టు ఆయనే చెప్పాడు, మేం చెప్పలేదు. ఊరి మనిషి నోటితో వస్తేనే ఊరు వింటుంది. దేవుడు లేడని మొదలుపెట్టేవాళ్ల పద్ధతి నాకు ఇందుకే నచ్చదు. వచ్చినవాళ్లలో సగం మంది అక్కడే లేచిపోతారు, చెంబు సంగతి చెప్పడానికి ఎవరూ మిగలరు. హేతువాది బి. ప్రేమానంద్ ఊరూరా తిరిగి, విభూతి తీసి చూపి, తీసిన తీరు కూడా చెప్పేవారు. ఆ దారే సరైనది.

అప్పుడు ఒక గొంతు తప్పక లేస్తుంది. "ఇది డూప్లికేటు సార్. ఒరిజినల్ వేరే ఉంటాది, ఇరిడియం ఉంటాది దాంట్లో." దీనికి సిద్ధంగా ఉండాలి. ఆయన్ను ఖండించొద్దు. బియ్యాన్ని లాగే శక్తి రాగికీ లేదు, ఇరిడియం అనే అరుదైన లోహానికీ లేదు, ఆ మాట ఒక్కసారి చెప్పి వదిలేయండి. వాదన లోహం మీదికి పోతే రాత్రి దాకా తెగదు, వాదనను డబ్బు మీదికి తిప్పండి. "సంతకు ఎద్దును తోలుకుపోతే కొనేవాడు మనకు డబ్బిస్తాడు గదా అన్నా, మనం ఎదురిస్తామా? ఈ చెంబు కొనేవాళ్లు టెస్టింగ్ ఫీజని, సైంటిస్టు ఖర్చని మన దగ్గరే ఎందుకు తీసుకుంటున్నారు?" ఇంత అడిగి ఆగండి. జవాబు మీరు చెప్పకండి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకోనివ్వండి.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొంటుందని చెప్పారు అంటే, 2018లో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న తండ్రీకొడుకుల సంగతి చెప్పండి. వాళ్లదీ ఇదే కథ. నాసా పేరు, రేడియేషన్ సూట్లంటూ వెండి రంగు బట్టలు, ఒక వ్యాపారి దగ్గర లాగింది కోటి రూపాయలకు పైగా. పట్నం వ్యాపారే పడ్డాడని వింటే, మన ఊరి మనిషికి తానొక్కడే తెలివితక్కువవాణ్ణి కాదని తెలుస్తుంది. ఆ ధైర్యం చాలా అవసరం.

తర్వాత ఇంకొక ప్రశ్న అడగండి. "చెంబు సంగతి ఎవరికీ చెప్పొద్దని వాళ్లెందుకన్నారు?" నిజంగా ఊరిని తినేస్తున్నది ఇదే. చెంబు ఆశ పుట్టిన ఇంట్లో అన్న తమ్ముడి దగ్గర దాస్తాడు, మొగుడు పెళ్లాం పుస్తెలతాడు అడుగుతాడు, ఎందుకో చెప్పడు. పొలం పని మీద మనసు నిలవదు. చేబదులు ఇచ్చిన పక్కింటివాడు కూడా మునుగుతాడు. ఇవన్నీ మీరు ఉపన్యాసంగా చెప్పకండి. ప్రశ్న వేస్తే చాలు, ఇంటి ఇంటి కథ వాళ్లకే తెలుసు. ఎవరినీ చెయ్యెత్తమనొద్దు, పేర్లు అడగొద్దు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పండి. భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. రెండు తలల పాముకు ఉన్నది ఒకే తల, తోక మొద్దుగా ఉంటుందంతే. దాన్ని పట్టినా అమ్మినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. రహస్యంగా అమ్ముకుని కోట్లు చేసుకునే దారి వీటిలో లేదు.

అంతా అయ్యాక వెంటనే వెళ్లిపోకండి. చెంబు సర్దుతున్నట్టు ఒక గంట కూర్చోండి. జనం పలచబడ్డాక ఒకరు దగ్గరికి వస్తారు, "మా బామ్మర్ది ఒకాయన కట్టినాడు సార్" అంటారు. బామ్మర్ది ఎవరని అడక్కండి. డబ్బు ఫోన్‌లో పంపి ఉంటే అప్పటికప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారుతుంది. నగదు ఇచ్చి ఉంటే తేదీలు, ఫోన్ నంబర్లు, రాసిచ్చిన కాగితాలు ఒకచోట పెట్టించి, మోసం కేసుకు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించండి. వాళ్లతో పాటు మీరూ వెళ్లండి, ఒంటరిగా పంపితే గేటు దాకా పోయి తిరిగొస్తారు.

చెంబు, అయస్కాంతం, మిగిలిన రజను బడిలో వదిలి రండి. పసుపు బియ్యం చేయడం తొమ్మిదో తరగతి పిల్లలకు నేర్పండి. పక్క ఊళ్లో తర్వాతి ప్రదర్శన వాళ్ల చేతే చేయించాలి.