విడాకుల కేసు: ఎక్కడ వేయాలి, రాజీ కాగితంలో ఏం రాయించుకోవాలి

పెద్దమనుషుల్లో కూర్చుని, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, ఇక ఎవరి దారి వాళ్లది అనుకుంటే విడాకులు అయిపోయినట్టు కాదు. నోటరీ ముద్ర వేయించినా అంతే. కులాచారం ప్రకారం ఇచ్చుకునే విడాకులను హిందూ వివాహ చట్టం (1955) సెక్షన్ 29 ఒప్పుకుంటుంది గానీ, అలాంటి ఆచారం తమలో తరతరాలుగా ఉందని రుజువు చేయాల్సిన భారం దాన్ని చెప్పుకునేవాళ్లదే. అది చేయలేకపోతే ఆ కాగితాన్ని నమ్ముకుని చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, పైగా క్రిమినల్ కేసు మెడకు చుట్టుకుంటుంది. పంచాయతీలో కుదిరిన మాటలు వృథా అని కాదు. అవి కోర్టు పిటిషన్‌లోకి ఎక్కాలి.

ఇక్కడ రాసింది హిందూ వివాహ చట్టం కిందికి వచ్చే పెళ్లిళ్లకు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకున్నవాళ్లకూ చాలావరకు ఇదే దారి. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, ముస్లింలకు వాళ్ల పర్సనల్ లా వర్తిస్తాయి.

ఏ కోర్టుకు వెళ్లాలి?

పెళ్లి జరిగిన చోటు, ఇద్దరూ చివరిగా కాపురం చేసిన చోటు, అవతలివాళ్లు ఇప్పుడు ఉంటున్న చోటు: వీటిలో ఏదైనా సరే. కేసు వేసేది భార్య అయితే ఆమె ప్రస్తుతం ఉంటున్న చోట కూడా వేయొచ్చు. మనం హైదరాబాద్ అని పిలిచే ఊరు ఒక్క జిల్లాలో లేదు. మెహిదీపట్నం హైదరాబాద్ జిల్లా, గచ్చిబౌలి రంగారెడ్డి, కూకట్‌పల్లి, ఉప్పల్ మేడ్చల్–మల్కాజిగిరి. పురానీ హవేలీలో ఫ్యామిలీ కోర్టు ఉంది కదా అని గచ్చిబౌలి కాపురం కేసు అక్కడికి పట్టుకెళ్తే, పరిధి కాదని వెనక్కి పంపుతారు.

పెళ్లి విజయవాడలో, కాపురం కూకట్‌పల్లిలో అయిన జంటలకు ఇంకో చిక్కుంది. అమ్మాయి పుట్టింటికి వెళ్లి అక్కడ కేసు వేస్తుంది, అబ్బాయి ఇక్కడ వేస్తాడు. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు కాబట్టి, కేసును ఇటు నుంచి అటు మార్పించాలంటే ఢిల్లీ వెళ్లి సుప్రీంకోర్టులోనే ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. కేసు వేసేముందే ఈ ఖర్చు లెక్కేసుకోండి.

ఇద్దరూ ఒప్పుకుంటే

సెక్షన్ 13బి. ఏడాదిగా వేరుగా ఉండాలి. వేరుగా అంటే వేరే ఇల్లే కానక్కర్లేదు, ఒకే ఫ్లాట్‌లో ఉన్నా భార్యాభర్తలుగా బతకడం లేదంటే సరిపోతుంది. శుభలేఖ, ఇద్దరూ స్పష్టంగా కనబడే పెళ్లి ఫొటో, ఇద్దరి ఆధార్‌లతో ఉమ్మడి పిటిషన్ వేస్తారు. మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే మంచిదే, లేనంత మాత్రాన పెళ్లి జరగనట్టు కాదు. ఈ పిటిషన్ వేయడాన్ని ఫస్ట్ మోషన్ అంటారు. ఆరు నెలలు దాటాక, 18 నెలల్లోపు సెకండ్ మోషన్‌కు మళ్లీ ఇద్దరూ రావాలి. ఈ ఆరు నెలల గడువును తీసేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అయితే విడిగా ఉన్న కాలం మొత్తం ఏడాదిన్నర దాటాలి, మళ్లీ కలపడానికి చేసిన ప్రయత్నాలు ఫలించి ఉండకూడదు, భరణం, పిల్లల విషయం పూర్తిగా తేలి ఉండాలి. అడగ్గానే ఇచ్చేది కాదు.

డిక్రీ (కోర్టు తుది తీర్పు) వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. మొత్తం డబ్బు ఫస్ట్ మోషన్ నాడే ఇచ్చేస్తే ఇచ్చినవాళ్లు ఇరుక్కుంటారు, అంతా తర్వాత ఇస్తామంటే తీసుకోవాల్సినవాళ్లు ఇరుక్కుంటారు. కొంత మొదట ఇచ్చి, చివరి వాయిదాను సెకండ్ మోషన్ రోజు కోర్టు హాల్లోనే డీడీగా ఇచ్చి, ఆ డీడీ నంబరు ఆర్డర్‌లో రాయించుకోవడం మంచి పద్ధతి. నగదు వద్దు.

రాజీ కాగితంలో

బంగారం దగ్గర "నగలన్నీ ముట్టినవి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, తర్వాత కొట్టుకుంటారు. హారం ఎన్ని గ్రాములు, గాజులు ఎన్ని జతలు, ఏ లాకర్‌లో ఉన్నాయి, గోల్డ్ లోన్ మీద ఉంటే విడిపించేది ఎవరు, ఏ తేదీలోగా: ఇవన్నీ ఉండాలి. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు ఆమెకు పెట్టిన నగలు, పసుపు కుంకుమ కింద ఆమె పేర రాసిన భూమి స్త్రీధనం. అవి ఆమెవే, భరణంలో కలిపి లెక్కగట్టడానికి లేదు.

ఫ్లాట్‌లో భార్యకు సగం దానంతటదే రాదు, మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఎవరి పేర ఉంది, ఎవరు డబ్బు కట్టారు అన్నదే చూస్తారు. ఒకరి వాటా ఇంకొకరికి వదిలేయాలనుకుంటే సెకండ్ మోషన్‌కు ముందే రిలీజ్ డీడ్ గానీ గిఫ్ట్ డీడ్ గానీ రిజిస్టర్ చేయించండి. హోమ్ లోన్ ఇద్దరి పేరా ఉంటే, ఈఎంఐ ఇక ఆయనే కడతాడని మీరిద్దరూ రాసుకున్నా బ్యాంకును అది కట్టిపడేయదు. ఆయన ఆపేస్తే ఆమె సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. లోన్ నుంచి పేరు తీయించినట్టు బ్యాంకు లెటర్ తీసుకునేదాకా ఆ పని పూర్తికానట్టే.

భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద భార్య పెట్టే 498ఎ (2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకు భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, సెక్షన్ 85), గృహహింస, భరణం కేసులు ఏవేవి నడుస్తున్నాయో నంబర్లతో సహా రాయాలి. విడాకులొస్తే క్రిమినల్ కేసు దానంతటదే పోదు. సాధారణంగా హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని అడిగేది) వేసి, ఆమె ఒప్పుకోలు చెప్పాలి. ఆఖరి డీడీని దానికి ముడిపెట్టేవాళ్లు ఎక్కువ.

పిల్లలకు ఏమీ అడగనని తల్లి రాసిచ్చినా అది పిల్లల హక్కును ఆపదు. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉంటుంది. చూడ్డానికి వచ్చే రోజులు, దసరా, సంక్రాంతి సెలవులు, స్కూలు ఫీజు, పాస్‌పోర్టుకు ఇద్దరి సంతకాలు విడివిడిగా రాయించుకోండి.

ఒకరు ఒప్పుకోకపోతే

సెక్షన్ 13 కింద కారణం చూపాలి: క్రూరత్వం, రెండేళ్లకు పైగా వదిలేసి ఉండటం, వ్యభిచారం వంటివి. "మాకు పొసగడం లేదు" అన్నది కారణాల్లో లేదు. బాగుపడనంతగా తెగిన కాపురమని చెప్పి పెళ్లి రద్దు చేసే అధికారం రాజ్యాంగం ఆర్టికల్ 142 కింద సుప్రీంకోర్టుకే ఉంది.

సమన్లు తీసుకోకపోతే కేసు ఆగుతుందనుకోవడం ఎన్నాళ్ల నుంచో ఉన్న భ్రమ. తిరస్కరిస్తే అందినట్టే లెక్క, మీరు లేకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అవుతుంది. దాన్ని తీసేయించుకోవడానికి ఉండేది 30 రోజులు.

భరణం అడిగినా, ఎదుర్కొన్నా ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాల్సిందేనని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జీతంలో 25 శాతం అనే మాట ఒక కేసులో అన్నది, చట్టంలో ఆ అంకె లేదు. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్క, కాబట్టి ఆలస్యం చేస్తే నష్టం అడిగేవాళ్లకే. భరణం తప్పించుకోవడానికి ఉద్యోగం మానేసినా కోర్టు చదువు, పాత జీతం, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తుంది. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోను 15100, లేదా కోర్టులోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడి డిక్రీ ఇక్కడ చెల్లుతుందా అన్నది తిరుపతిలో పెళ్లైన ఓ జంట కేసులో 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మన చట్టంలో లేని కారణం మీద, అవతలివాళ్లు ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవు. ఇక్కడ కేసు నడపడానికి తల్లికో తండ్రికో జీపీఏ (మీ తరఫున పని చేసే అధికార పత్రం) పంపితే, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. గడువు మర్చిపోయి వాయిదాలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

డిక్రీ చేతికొచ్చాక

ఒకరు ఒప్పుకోని కేసుల్లో 90 రోజులు ఆగి, హైకోర్టులో అప్పీలు పడలేదని చూసుకున్నాకే మళ్లీ పెళ్లి మాట. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి, పాస్‌పోర్టుకొకటి, బ్యాంకుకొకటి కావాలి. ఎల్ఐసీ, పీఎఫ్, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు మీరు మార్పించుకుంటేనే మారుతుంది.