నూటికి ఎంత? డిగ్రీ పిల్లలకు డబ్బు లెక్కలు నేర్పే పద్ధతి

కాలేజీలో డబ్బు పాఠం అనగానే చాలామంది సిప్‌లు (నెలనెలా కొంచెం కొంచెంగా పెట్టే పెట్టుబడి), మ్యూచువల్ ఫండ్లతో మొదలుపెడతారు. నెలాఖరుకి చేతిలో వంద మిగలని హాస్టల్ పిల్లాడికి అది ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం వ్యవహారం. వాడి ముందు ఇప్పుడున్నవి లోన్ యాప్, ఫోన్ ఈఎంఐ, ఇంకా పడని స్కాలర్‌షిప్. అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. వారానికి ఒకటి చొప్పున గంటన్నర క్లాసులు నాలుగు చాలు. ఒక్కో క్లాసులో 40 మందికి మించి పెట్టుకోకండి.

మొదటి క్లాసు మొత్తం వడ్డీకే ఇవ్వండి. శాతాలు, చక్రవడ్డీ సూత్రాలు బోర్డు మీద రాయొద్దు. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలు అనే చెప్పుకుంటారు, పల్లె నుంచి వచ్చిన పిల్లలకు అది వినీ వినీ అలవాటే. బ్యాంకు ఏడాది శాతం చెబుతుంది. దాన్ని 12తో భాగిస్తే ఊరి లెక్క వస్తుంది. 3 శాతం అంటే పావలా వడ్డీ (డ్వాక్రా సంఘాల్లో ఉన్న తల్లులకు ఈ మాట బాగా తెలుసు), 6 అంటే అర్ధరూపాయి, 9 అంటే ముప్పావలా, 12 అంటే రూపాయి, 24 అంటే రెండు రూపాయలు. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం అన్నచోట మూడున్నర రూపాయల వడ్డీ అని చదివించండి. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి జలగ అని తిట్టే ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఆ ఒక్క మాటతో విషయం బోధపడుతుంది.

తర్వాత మూడు లెక్కలు వాళ్లచేతే చేయించండి.

ఒకటి, లోన్ యాప్. అప్పు 5,000. ఫీజు పేరుతో 1,500 ముందే కోసుకుని 3,500 చేతికిచ్చి, 7 రోజుల్లో 5,000 కట్టమంటారు. చాలామంది 1,500ని 5,000తో భాగిస్తారు. తప్పు అక్కడే జరుగుతుంది, చేతికొచ్చింది 3,500 కదా. దాంతో భాగిస్తే వారానికే నూటికి దాదాపు 43 రూపాయలు, నెలకు 184 దాకా.

రెండు, ఫ్లాట్ రేటు. బైకు కోసం 60,000 అప్పు, 10 శాతం ఫ్లాట్, 24 నెలలు. మొత్తం వడ్డీ 12,000, ఈఎంఐ 3,000. పైకి 83 పైసల వడ్డీలా కనిపిస్తుంది. కానీ అసలు నెలనెలా 2,500 తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా 60,000 మీదే వేస్తున్నారు. సగటున అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర ఉన్నది 31,250; నెల వడ్డీ 500. అంటే నూటికి రూపాయి అరవై పైసలు. స్ప్రెడ్‌షీట్‌లో రేట్ ఫార్ములాతో కచ్చితంగా వేస్తే రూపాయిన్నర వస్తుంది.

మూడు, క్రెడిట్ కార్డు మీద మినిమం డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం. బాకీ 10,000 ఉండగా 500 కడితే, వడ్డీకి 350, దాని మీద 18 శాతం జీఎస్టీ 63 పోగా అసలులో తగ్గేది 87 రూపాయలే.

ఈ మూడూ అయ్యాకే నిబంధనలు చెప్పండి. యాప్ ద్వారా ఇచ్చే అప్పుకైనా మొత్తం ఖర్చు కలిపిన వార్షిక రేటు ఉన్న కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ముందే ఇవ్వాలని, డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవాళ్ల ఖాతాలోనే పడాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఫోన్‌లో కాంటాక్టులు, ఫొటోలు చూస్తానని అడిగే యాప్ అక్కడికక్కడే అనుమానితం.

రెండో క్లాసు ఖర్చులది. నోటుబుక్కులో రోజూ రాయమంటే నాలుగో రోజుకి మానేస్తారు. దానికి బదులు ఎవరి ఫోన్‌లో వాళ్లను యూపీఐ యాప్ నుంచి గత 30 రోజుల స్టేట్‌మెంట్ తీయమనండి. 50 రూపాయల లోపు చెల్లింపులన్నీ విడిగా కూడించండి, ఆశ్చర్యం అక్కడుంటుంది. మొత్తాలు మాత్రం బయటికి చెప్పించొద్దు. ఒకే బెంచీ మీద ఇంటి నుంచి 15,000 వచ్చేవాడూ, ఏమీ రానివాడూ పక్కపక్కనే కూర్చుంటారు. చెప్పమంటే ఇద్దరూ అబద్ధమే చెబుతారు.

మూడో క్లాసు బ్యాంకు ఖాతాది. స్కాలర్‌షిప్ డబ్బు ఆధార్ ద్వారా పడేటప్పుడు దరఖాస్తులో రాసిన ఖాతాలోకి రాదు. ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆఖరున ఆధార్‌తో సీడ్ అయిన, అంటే ముడిపడిన, ఖాతాలోకి వెళ్తుంది. ఆఫర్ చూసి కొత్త ఖాతా తెరిచి, ఫారంలో ఆధార్ సీడింగ్‌కి టిక్ పెట్టినవాళ్లే డబ్బు రాలేదని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూపించండి. దీనికి ఆధార్‌కి లింకైన నంబరుకు ఓటీపీ వస్తుంది, అది ఎప్పుడో మార్చేసిన నాన్న పాత నంబరైతే క్లాసు ఆగిపోతుంది. ఏ నంబరు లింకై ఉందో ముందు రోజే కనుక్కుని రమ్మనండి.

ఖాతా అద్దెకివ్వడం గురించీ ఇక్కడే చెప్పాలి, మెత్తగా కాదు. కమీషన్ ఇస్తామంటే ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేసే పిల్లలున్నారు. అందులో మోసం సొమ్ము తిరిగితే ఖాతా ఫ్రీజ్ అవుతుంది, పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ల దగ్గరికే.

నాలుగో క్లాసులో మోసాలు. ఉపన్యాసం అక్కర్లేదు. ఇద్దరిద్దరిని జతచేసి ఒకరికొకరు రూపాయి పంపుకోమనండి. పిన్ ఎవరి ఫోన్ అడిగిందో రాయించండి. పంపేవాళ్లనే అడుగుతుంది, అందుకునేవాళ్లను ఎప్పుడూ అడగదు. 'డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి' అన్నవాడు దొంగ. డబ్బు పోతే చేయాల్సిన మొదటి పని 1930కి ఫోన్ చేయడం. ఆ నంబరు అక్కడే సేవ్ చేయించండి.

ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని కాసే పందెం లాంటిది) గురించి ఎవరో ఒకరు అడుగుతారు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో చేయిపెట్టిన వ్యక్తిగత ట్రేడర్లలో 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో తేల్చింది. ఆ అంకె చెప్పి ముందుకు పోండి.

అతిథిగా బీమా ఏజెంటునో, బ్రోకరేజీ వాళ్లనో పిలవకండి. పాఠం పది నిమిషాల్లో ముగుస్తుంది, మిగతా గంట డీమ్యాట్ ఖాతాలు (షేర్లు ఉంచుకునే ఖాతాలు) తెరిపిస్తారు. బ్యాంకు బ్రాంచిలో రిటైరైన ఉద్యోగి ఎంతో నయం.

పరీక్ష పెట్టాలనుకుంటే నిజమైన అప్పు ప్రకటన ఒకటి ముద్రించి ఇచ్చి, నూటికి నెలకు ఎంత పడుతుందో రాయమనండి. ప్రాసెసింగ్ ఫీజును వదిలేసి లెక్క వేసినవాళ్లు మొదటి క్లాసుకి మళ్లీ రావాలి.