పాముక్కలె ఎక్కే ముందు ఒక గుడ్డసంచి

తుర్కియేలోని పాముక్కలె వేడి ఊటలున్న తెల్లటి కొండ. ఆ పేరుకు పత్తి కోట అని అర్థం. పత్తి పండించే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి, ఆ పేరు వినగానే మా వసారాలో పోసిన పత్తి కుప్ప గుర్తొచ్చింది. అది పత్తి కాదు, గట్టి సున్నమని అక్కడ పాదం మోపాకే తెలిసింది.

దెనిజ్లి బస్టాండులో దోల్ముష్ అనే చిన్న బస్సు ఎక్కితే సుమారు అరగంటలో పాముక్కలె ఊళ్లో దింపుతుంది. కొండకు మూడు ద్వారాలున్నాయి. నడవగలిగితే ఊరి వైపున్న కింది ద్వారం నుంచే ఎక్కండి. మోకాళ్ల నొప్పులుంటే దక్షిణ ద్వారం మేలు. మా అమ్మను అటునుంచే తీసుకెళ్లాం.

తెల్ల రాతి మీద చెప్పులు నిషేధం, కాబట్టి వాటిని సంచిలో వేసుకొని మోయాలి. మా ఆయన వినకుండా కిందే వదిలేసి వచ్చారు. పైన హియెరాపొలిస్ అనే పురాతన నగరపు శిథిలాల మధ్య ఎండకు కాలిన రాళ్ల మీద ఆయన వేసిన గంతులు అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. నీళ్లు పారే చోట రాయి గరుకుగా, గీతలు గీతలుగా ఉండి అరికాళ్లను గుచ్చుతుంది. మడుగుల అడుగున మాత్రం మెత్తని తెల్లటి బురద ఉంటుంది, అక్కడ జారుతుంది. మధుమేహం ఉన్నవాళ్లు అడుగు చూసుకొని వేయాలి. చలువ కళ్లద్దాలు మరవకండి, ఆ తెలుపు కళ్లు తెరవనివ్వదు.

బోరు నీళ్లు కాచే గిన్నెలో తెల్లటి పొర కడుతుంది కదా, ఇక్కడ కొండంతా అదే. వేడి ఊటలోని బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోగానే నీటిలో కరిగి ఉన్న సున్నం విడిపోతుంది. మొదట జిగురులా ఉండి, తర్వాత రాయవుతుంది.

ఫొటోల్లోని గిన్నెల్లాంటి నీలి మడుగులన్నీ నిండుగా కనిపిస్తాయని ఆశపడకండి. మన సాగర్ కాలువలకు వదిలినట్టు, ఇక్కడా వంతులవారీగానే నీళ్లు వదులుతారు. ఎప్పుడూ తడిగా ఉంటే నాచు పట్టి తెలుపు పోతుంది. ఒకప్పుడు కొండ నెత్తిన హోటళ్లు కట్టి ఈ నీటిని ఈతకొలనులకు మళ్లించుకున్నారు. 1988లో యునెస్కో జాబితాలో చేరాక వాటిని కూల్చేశారు. మనం ఎక్కే దారి కూడా పాత వాహనాల రోడ్డే. దాని మీది మడుగులు మనుషులు కట్టినవి, కాలు పెట్టనిచ్చేది వాటిలోనే.

పైనున్న పురాతన కొలనుకు వేరే టికెట్టు. నీళ్లు సుమారు 36 డిగ్రీలుంటాయి, అడుగున భూకంపానికి కూలిన పాలరాతి స్తంభాలు. ఈత దుస్తులు తెచ్చుకుంటే దిగండి. లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకొని రోమన్ల నాటి రంగస్థలం మెట్లెక్కి కూర్చోండి, నాకు అదే ఎక్కువ నచ్చింది.

మధ్యాహ్నం పర్యాటకుల బస్సులు కిక్కిరిసి ఉంటాయి. సాయంత్రం ఎండ వాలాక రండి. మర్నాడు వీలుంటే దగ్గర్లోని కరాహయిత్‌కు వెళ్లండి. అక్కడి ఊటలో ఇనుము ఎక్కువ, రాయి ఎర్రగా ఉంటుంది. కాళ్లు ముంచేటప్పుడు తెల్ల చీర కట్టుకోకండి, అమ్మ చీర అంచు ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడలేదు.