మెడ రక్తనాళాల డాప్లర్ పరీక్ష: ఎవరు చేయించుకోవాలి, రిపోర్టు ఎలా చదవాలి

మెదడుకు రక్తాన్ని తీసుకువెళ్లే ప్రధాన ధమనులు నాలుగు. వాటిలో పెద్దవైన రెండు కెరోటిడ్ ధమనులు గొంతుకు ఇరుపక్కలా పైకి సాగి, దవడకు కాస్త దిగువన చెరి రెండు పాయలుగా చీలతాయి. లోపలి పాయ మెదడుకు, కంటికి రక్తాన్నిస్తుంది. వెలుపలి పాయ ముఖానికి, తలపై చర్మానికి వెళ్తుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగాకు కలిసి ధమని గోడను దెబ్బతీసినప్పుడు కొవ్వు పేరుకుని పూడిక ఏర్పడేది ఎక్కువగా ఈ చీలిక దగ్గరే. ఆ పూడిక చిట్లి, దానిపై కట్టిన రక్తపు గడ్డ ముక్క పైకి కొట్టుకుపోతే పక్షవాతం వస్తుంది. చర్మానికి బాగా దగ్గరగా ఉండే చోటు కాబట్టి, సూది గుచ్చకుండా, రేడియేషన్ లేకుండా అల్ట్రాసౌండ్‌తో దీన్ని స్పష్టంగా చూడవచ్చు. రక్తం పారే వేగాన్ని కూడా కొలిచే ఆ అల్ట్రాసౌండ్ పరీక్షే డాప్లర్.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఒకటుంది. మూతి వంకరపోయి, మాట తడబడి, చేయి పడిపోయిన మనిషిని డాప్లర్ కోసం స్కానింగ్ సెంటరుకు తీసుకువెళ్లకూడదు. పసరు మందు కోసం అసలే తీసుకువెళ్లకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్, పక్షవాతానికి చికిత్స చేసే వైద్యులు ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. చుట్టుపక్కల పల్లెల నుంచి గుంటూరుకో విజయవాడకో రావడానికే గంట పట్టే కుటుంబాలకు ఈ లెక్క ప్రాణంతో సమానం. డాప్లర్ సంగతి ఆస్పత్రిలో చేరిన తరువాత వైద్యులు చూసుకుంటారు.

ఈ పరీక్ష నిజంగా అవసరమైనవారు ఎవరు? పక్షవాతం వచ్చినవారు, లేదా వచ్చినట్టే వచ్చి తగ్గిపోయినవారు. ఒక కంటి ముందు తెర దించినట్టు చూపు పోయి కొన్ని నిమిషాల్లో తిరిగి రావడం, ఒక పక్క చేయి కాసేపు పట్టు తప్పడం, మాట కాసేపు రాకపోవడం వంటివి తగ్గిపోయాయి గదా అని చాలామంది వదిలేస్తారు. అది నీరసమనో గ్యాస్ అనో సర్దిచెప్పుకుంటారు. అసలు పరీక్ష అత్యవసరంగా చేయవలసింది అప్పుడే, ఎందుకంటే పెద్ద పక్షవాతం ముప్పు ఆ తరువాతి కొద్ది రోజుల్లోనే అత్యధికం. మెడపై స్టెతస్కోపు పెట్టినప్పుడు బుసకొట్టే శబ్దం వినిపించినవారికి కూడా వైద్యులు ఈ పరీక్ష రాయవచ్చు. ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతులందరికీ దీన్ని చేయడాన్ని అమెరికాలో వ్యాధి నివారణపై సలహాలిచ్చే నిపుణుల బృందమైన నివారణ సేవల కార్యదళం 2014లోనూ, మళ్లీ 2021లోనూ వద్దనే చెప్పింది. అందుకే మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఉందన్న ఒక్క కారణంతో చేయించుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ డబ్బుతో ఇంట్లో ఒక బీపీ మిషన్ కొనుక్కుంటే ఎక్కువ మేలు.

పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు, రోజువారీ మాత్రలు మానక్కర్లేదు. మెడ తెరిచి ఉండే చొక్కా లేదా జాకెట్ వేసుకోండి. తాళిబొట్టు, నల్లపూసలు తీయవలసిన పని లేదు, పక్కకు జరిపితే చాలు. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తప్పక తీసుకువెళ్లండి. లక్షణం ఏ రోజున, ఏ పక్కన, ఎంతసేపు ఉందో ఒక కాగితం మీద రాసుకుని పరీక్ష చేసే వైద్యుడికి చూపించండి.

వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా పక్కకు తిప్పించి, మెడపై చల్లని జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. రెండు పక్కలకూ కలిపి సుమారు అరగంట పడుతుంది. మొదట నలుపు తెలుపు బొమ్మలో రక్తనాళం నల్లని గొట్టంలా, దాని గోడ రెండు సన్నని తెల్లని గీతలుగా కనిపిస్తుంది. ఆ గీతల నడుమ దూరమే గోడ లోపొరల మందం. ఒకచోట అది 1.5 మిల్లీమీటర్లు దాటినా, లోపలికి అర మిల్లీమీటరు పొడుచుకువచ్చినా దాన్ని పూడికగా పరిగణిస్తారు. తరువాత రంగులు వేస్తారు. ఎరుపు మంచిదీ నీలం చెడ్డదీ కాదు, ఆ రంగులు రక్తం ప్రోబ్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా అని మాత్రమే చెబుతాయి. ఇరుకైన చోట వేగం పెరిగి రంగులు కలగాపులగమవుతాయి. అక్కడ కర్సర్ ఉంచి, కోణం 60 డిగ్రీలు మించకుండా చూసుకుంటూ వేగాన్ని కొలుస్తారు. కోణం తప్పితే అంకె తప్పుతుంది కనుక, ఈ పరీక్షలో యంత్రం కంటే చేసే చేయి ముఖ్యం.

రిపోర్టులో ఐసీఏ అంటే లోపలి కెరోటిడ్, సీసీఏ అంటే చీలికకు ముందున్న ఉమ్మడి కెరోటిడ్, పీఎస్‌వీ అంటే గుండె కొట్టుకున్నప్పటి గరిష్ఠ వేగం. 2003లో ప్రచురితమైన రేడియాలజిస్టుల ఏకాభిప్రాయ ప్రమాణాలను నేటికీ చాలాచోట్ల పాటిస్తారు. వాటి ప్రకారం ఐసీఏలో పీఎస్‌వీ సెకనుకు 125 సెంటీమీటర్ల లోపు ఉంటే ఇరుకు 50 శాతం కంటే తక్కువ. 125 నుంచి 230 వరకు ఉంటే 50 నుంచి 69 శాతం. 230 దాటితే 70 శాతం లేదా అంతకంటే ఎక్కువ. అయితే ఈ ఒక్క అంకెను చూసి భయపడకూడదు, నిశ్చింతగానూ ఉండకూడదు. ఐసీఏ వేగాన్ని సీసీఏ వేగంతో భాగించి చూడాలి. ఆ నిష్పత్తి 2 లోపు ఉంటే 50 శాతం కంటే తక్కువ అని, 4 దాటితే 70 శాతం పైన అని లెక్క. ఉదాహరణకు ఐసీఏలో 180, సీసీఏలో 60 ఉంటే నిష్పత్తి 3, అంటే 50 నుంచి 69 శాతం. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. అదే 180కి సీసీఏలో 120 ఉంటే నిష్పత్తి ఒకటిన్నరే. అవతలి పక్క నాళం మూసుకుపోయి ఈ పక్కకు రక్తం ఎక్కువగా మళ్లినప్పుడు ఇలా జరుగుతుంది, ఇక్కడి ఇరుకు అంత లేకపోవచ్చు. దీనికి విరుద్ధమైనది ఇంకా ప్రమాదకరం: నాళం దాదాపు పూర్తిగా మూసుకుపోతున్నప్పుడు వేగం పెరగడానికి బదులు పడిపోవచ్చు. అందువల్ల అంకె, నిష్పత్తి, బొమ్మలో కనిపించే పూడిక, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోకపోతే సీటీ యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాలను చూపే సీటీ స్కాన్, అడగడంలో తప్పు లేదు.

శాతం విషయంలో తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటి: ఇది వ్యాసంలో తగ్గుదలా, వైశాల్యంలో తగ్గుదలా? గుండ్రని నాళంలో వ్యాసం సగమైతే వైశాల్యం 75 శాతం తగ్గుతుంది. రెండు సెంటర్లలో రెండు అంకెలు వచ్చి, నెలలోనే పూడిక పెరిగిపోయిందని కుటుంబమంతా బెంబేలెత్తే సందర్భాల్లో చాలాసార్లు మారింది పూడిక కాదు, లెక్క.

పూడిక ఎంత ఉందన్నదే కాదు, ఎలాంటిదన్నదీ చూడాలి. బొమ్మలో నల్లగా, మెత్తగా కనిపించే పూడికలో కొవ్వు లేదా రక్తస్రావం ఎక్కువగా ఉంటుంది. అది చిట్లే అవకాశం ఎక్కువ. తెల్లగా మెరుస్తూ వెనక నీడ వేసేది సున్నం పట్టిన పూడిక. అది కొంత స్థిరమైనది, కానీ ఆ నీడ వెనుక ఉన్నదాన్ని కనపడనివ్వదు. పైభాగం పుండులా గుంటపడిందని రాసి ఉంటే వైద్యుడి దృష్టికి ప్రత్యేకంగా తీసుకురండి.

ఇక లక్షణం ఏ పక్క, పూడిక ఏ పక్క అన్నది కలిపి చూడాలి. ఎడమ చేయి పడిపోతే కారణం కుడి కెరోటిడ్‌లో వెతకాలి; ఎడమ కంటి చూపు పోతే మాత్రం ఎడమ కెరోటిడ్‌లోనే. లక్షణానికి సంబంధించిన పక్కన ఇరుకు 70 నుంచి 99 శాతం ఉంటే పూడికను తొలగించే ఆపరేషన్ స్పష్టమైన మేలు చేస్తుందని ఉత్తర అమెరికాలో జరిగిన పెద్ద వైద్య పరిశోధన 1991లో నిరూపించింది: రెండేళ్లలో ఆ పక్క పక్షవాతం మందులు మాత్రమే వాడినవారిలో 26 శాతం మందికి రాగా, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 9 శాతం మందికి వచ్చింది. ఆ మేలు లక్షణాలు వచ్చిన రెండు వారాల లోపు చేస్తేనే ఎక్కువ, కాబట్టి మంచిరోజు కోసం ఆగవద్దు. నూటికి నూరు శాతం మూసుకుపోయినదాన్ని సాధారణంగా తెరవరు, దానివల్ల మేలు కనబడదు. వైద్యుడు చేతులెత్తేశాడని దానికి అర్థం కాదు.

డాప్లర్ బాగుందంటే ముప్పు లేదని కూడా కాదు. పుర్రె లోపలి నాళాల ఇరుకు మన దేశంలో పక్షవాతానికి ఒక ముఖ్య కారణం. అది మెడ డాప్లర్‌లో కనిపించదు. గుండె లయ తప్పడం వల్ల వచ్చే గడ్డలను కనిపెట్టడానికి ఈసీజీ, ఎకో అవసరం.

పూడిక కనబడిన ప్రతివారికీ, ఆపరేషన్ అవసరమైనా కాకపోయినా, స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర, బీపీ, షుగర్ ఉంటే వాటికి మందులు, చాలామందికి ఆస్పిరిన్ వంటివి వైద్యుడు రాస్తారు. కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చిందని స్టాటిన్ సొంతంగా ఆపేయకండి. నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లే. చుట్ట, బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. మూడు పూటలా ఊరగాయతో ముద్ద దిగే అలవాటున్న ఇళ్లలో ఉప్పును తగ్గించాలంటే ముందు తగ్గవలసింది ఆ జాడీ వాడకమే. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం కూడా మానేయాలి, ఆ విసురుకు రక్తనాళం గోడ చీలిన సందర్భాలున్నాయి. ఇరుకు 50 శాతం దాటినవారికి సాధారణంగా ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ డాప్లర్ చేస్తారు. దాన్ని వీలైనంతవరకు అదే సెంటరులో చేయించుకుని, పాత రిపోర్టుతో పాటు వేగాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చమని అడగండి.